భాగ్యమ్మకు వేసిన దండ

ముందే చెబుతున్నాను, నా నోరు మంచిది కాదు. ఆదోనిలో మా ఆసుపత్రి గడప తొక్కిన ఆడవాళ్ళను ఎవరినైనా అడగండి, సువార్తమ్మ నర్సు పేరు చెబితే దండం పెడతారు, ఆ వెంటనే రెండు తిట్లు కూడా తిడతారు. పదహారేళ్ళుగా ఆడవాళ్ళ వార్డు నాది. మందు మింగనని మొండికేసిన వాళ్ళకు ముక్కు మూసి మింగించాను. కట్టు విప్పేసి విభూతి పూసుకున్న వాళ్ళను చెడామడా కడిగేశాను. అలా తిట్టి బతికించిన వాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. ఎమ్మిగనూరు భాగ్యమ్మను మాత్రం తిట్టాల్సిన నాడు తిట్టలేదు. ఆమె మెడలో దండ వేశాను.

ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. జబ్బు నయమై ఇంటికి పోయే మనిషికి ఆసుపత్రిలో పండుగ చేయాలా వద్దా అని మొన్న మా కొత్త నర్సులు వాదించుకుంటూ, నువ్వు చెప్పక్కా అని నన్ను అడిగారు. నేను వార్డులో పనుందని లేచి వచ్చేశాను. వాళ్ళ ముందు చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను.

భాగ్యమ్మది నేతగాళ్ళ ఇల్లు. మొగుడు ఓబులేసు మగ్గం మీద కూర్చుంటే ఆమె కండెలు చుట్టేది, దారం తెగితే అతికేది, మిగిలిన పొద్దు వంటా నీళ్ళూ చూసుకునేది. సన్నటి మనిషి, పిలిస్తే గాని పలికేది కాదు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా కడుపు పండలేదు. అత్త రుద్రమ్మ పొద్దున లేస్తే ఏదో ఒక మాట అంటూనే ఉండేది. వీధిలో ఎవరింట సీమంతమైనా, బిడ్డను తొట్టెలో వేసినా భాగ్యమ్మను ముందుకు పిలిచేవాళ్ళు కాదు. తనే తెలుసుకుని, ఇంట్లో పనుందని చెప్పి వెనకబడేది. ఇవన్నీ ఆమే నాకు తర్వాత చెప్పింది. ఎవరి సంగతో చెప్పినట్టు నవ్వుతూ చెప్పింది.

నేతగాళ్ళ వీధుల్లో పొద్దు పొడవక ముందే ఒక పని ఉంటుంది. కొత్త పడుగును, అంటే మగ్గానికెక్కించే నిలువు దారాలను, వీధి ఈ కొస నుంచి ఆ కొసకు సాచి కట్టి, గంజి పట్టించి, రెండు వైపులా మనుషులు నిలబడి కుంచెలతో దువ్వుకుంటూ పోతారు. ఎండ ముదిరితే గంజి బిగుసుకుని దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకని పడుగు ఎవరిదైనా సరే, వీధి వీధంతా వచ్చి చెయ్యి వేయాల్సిందే. పందొమ్మిది వందల యాభై నాలుగు జనవరిలో ఒకరోజు అలా కుంచె పట్టి చెయ్యి చాచినప్పుడు భాగ్యమ్మకు ఎడమ రొమ్ములో ఏదో పట్టి లాగినట్టయింది. తడిమి చూసుకుంటే వక్కంత గడ్డ. నొప్పి లేదు. నెల రోజులు ఎవరికీ చెప్పలేదు, ఆ తర్వాత మొగుడికి చెప్పింది. రుద్రమ్మ ఆకు పసరు కట్టింది, మంత్రం వేయించింది. ఓబులేసు మాత్రం ఎవరి మాటా వినకుండా పెళ్ళాన్ని బస్సెక్కించి ఆదోనికి తీసుకొచ్చాడు. ఆ ఒక్క విషయానికి ఆ మనిషికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

మా డాక్టరమ్మ చేత్తో చూసి, రాచపుండు, అంటే క్యాన్సరు, అని చెప్పింది. మా సీమలో ఆ మాట అంటే పాడె కట్టుకోమన్నట్టే. అంతకు ముందు మా దగ్గరికి ఆ జబ్బుతో వచ్చిన వాళ్ళంతా అది పగిలి, పురుగు పట్టి, ఇంట్లో వాళ్ళు కూడా దగ్గరికి పోలేని స్థితిలో వచ్చినవాళ్ళే. కడిగేవాళ్ళం, కట్టు కట్టేవాళ్ళం, ప్రార్థన చేసి పంపేవాళ్ళం. గడ్డ వక్కంత ఉండగానే వచ్చిన మొదటి మనిషి భాగ్యమ్మే. "కోసి తీసేస్తాను. ఆ తర్వాత మద్రాసులో కరెంటు, అదే ఎక్స్-రే కిరణాలు, పెట్టించుకోవాలి. బతికే దారి ఉంది," అని డాక్టరమ్మ చెప్పింది. భాగ్యమ్మ మొగుడి వైపు చూసింది. ఓబులేసు "కోయండి తల్లీ, మనిషి ఉంటే సాలు," అన్నాడు.

కోత అయ్యాక కోడలికి తోడుగా రుద్రమ్మ వార్డులో ఉంది. ఇంటి నుంచి తన చెంబు తానే తెచ్చుకుంది. నేను నీళ్ళు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మీ సేతి నీళ్ళు మాకొద్దమ్మా, ఏమనుకోవద్దు," అంది. మాది మద్దికెర దగ్గర పల్లె, కూలోళ్ళ ఇల్లు, చర్చికి పోయేవాళ్ళం. ఇలాంటివి నాకు కొత్త కాదు. "అనుకునేదేముంది పెద్దమ్మా? నీ కోడలి చీము కడిగే సేతులే ఇవి. దానికి వద్దనలేదే నువ్వు?" అన్నాను. ముసలావిడ మొహం అటు తిప్పుకుంది. భాగ్యమ్మ మంచం మీద నుంచి నన్ను చూసి, నొప్పిలోనే చిన్నగా నవ్వింది. ఆ నవ్వుతోనే ఆమె నాకు దగ్గరయింది.

గాయం మానాక మొగుడూ పెళ్ళాలు రైలెక్కి మద్రాసు పోయారు. ఆరు వారాలు అక్కడి పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టించుకుని వచ్చారు. వచ్చేసరికి ఆమె రొమ్ము భాగమంతా కమిలి, తోలు లేచిపోయి ఉంది. మళ్ళీ మూడు వారాలు నా వార్డులోనే ఉంచుకుని రోజూ కట్లు కట్టాను. జూన్ నెలకు కొత్త తోలు వచ్చింది. ఇక ఇంటికి పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

నాకు ఆ మాట వినగానే ఒళ్ళంతా పండుగైంది. రాచపుండు వచ్చిన మనిషి మా ఆసుపత్రి నుంచి తన కాళ్ళ మీద నడిచిపోవడం అదే మొదలు. డాక్టరమ్మ దగ్గరికి పోయి, "ఈమెను ఊరికే పంపొద్దు, పండుగ చేసి పంపుదాం," అన్నాను.

డాక్టరమ్మ కోస్తా మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. "పండుగేమిటి సువార్తమ్మా? ఐదేళ్ళు గడవనీ, అప్పుడు చేద్దాం," అంది.

"ఐదేళ్ళకు నేనుంటానో మీరుంటారో! మన ఆసుపత్రి నుంచి మనుషులు దుప్పటి కప్పుకొని పోవడమే సూసినారు ఊరోళ్ళు. దండ యేసుకొని పోయేది ఒక్కసారన్నా సూడనీండి. అట్లయితేనే గడ్డ కనపడంగానే పరిగెత్తుకొని వస్తారు."

నా మాటలో అబద్ధం లేదు. ఇప్పుడు ఆలోచించినా అందులో అబద్ధం కనబడదు. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, "సరే కానీ. మూడు నెలలకోసారి రావాలనీ, మళ్ళీ ఏ గడ్డ తగిలినా ఆ రోజే రావాలనీ ఆమెకు గట్టిగా చెప్పు. ఇది తిరగబెట్టే జబ్బు," అంది. చెబుతానన్నాను.

మా గేటు కాపలా అబ్రహాం మామిడాకులు కడుతూ, "అక్కా, ఇల్లలకంగానే పండగ కాదంటారు," అన్నాడు. "నీ గేటు నువ్వు సూసుకోప్పా," అని వాడి నోరు మూయించాను.

ఆ రోజు ఎమ్మిగనూరు నుంచి నేతగాళ్ళ వీధి సగం దిగింది. వరండాలో హార్మోనియం పెట్టాం, నర్సులందరం పాట పాడాం. అన్ని వార్డులకూ బొరుగులూ బెల్లమూ పంచాం. చామంతులు దొరక్క కనకాంబరాలతో నేనే దండ కట్టాను. దండ మెడలో వేస్తే భాగ్యమ్మ తల ఎత్తలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. నాకు నవ్వు ఆగలేదు. పిచ్చిదానిలా నవ్వుతూనే ఉన్నాను. రుద్రమ్మ నా దగ్గరికి వచ్చి కొంగు పట్టింది. బొరుగులు పోశాను. అందరి ముందూ నా చేతి బొరుగులు నోట్లో వేసుకుని నమిలింది. నా బతుకులో అలాంటి రోజు మళ్ళీ రాలేదు.

మూడు నెలల మాట ఎప్పుడు చెప్పానో తెలుసా? హార్మోనియం మోగుతుండగా, ఆమె మెడలో దండ సవరిస్తూ చెవిలో చెప్పాను. ఆమె తల ఊపింది.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. వార్డు చివరి మంచంలో సుంకులమ్మ అని ఒకామె ఉండేది. గర్భసంచిలో ఇదే జబ్బు. మేం చేసేదేమీ లేక మత్తుమందు ఇచ్చి పడుకోబెట్టేవాళ్ళం. నేను బొరుగులు తీసుకుపోయేసరికి దుప్పటి తల మీదికి లాక్కుని పడుకుని ఉంది. "తీసుకో సుంకులమ్మా," అన్నాను. దుప్పటి లోపలి నుంచే "ఆడ పెట్టి పో," అంది. పెట్టి వచ్చేశాను. మర్నాడు ఆ బొరుగులు అలాగే ఉన్నాయి, చీమలు పట్టి. వారానికి ఆమె పోయింది. నేను దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

పండుగ చూసి వెళ్ళాక రుద్రమ్మ ఊరుకోలేదు. కోడలు బతికొస్తే కొత్త పంచె నేయించి ఉరుకుంద ఈరన్నసామికి సమర్పిస్తానని మొక్కుకుని ఉంది. మొక్కు ఎప్పుడు తీర్చాలన్న సందేహమే రాలేదు ఆమెకు. ఆసుపత్రి వాళ్ళే దండ వేసి పంపాక ఇంకా ఎదురు చూసేదేముంది? శ్రావణంలో వీధంతా కలిసి ఉరుకుందకు పోయి మొక్కు తీర్చి, ఊరికి తిరిగొచ్చాక అందరికీ అన్నం పెట్టారు. ఆ ఇంట్లో ఒక నమ్మకం ఉంది. మొక్కు తీర్చిన జబ్బును మళ్ళీ పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే దేవుడు ఇచ్చింది చాలలేదన్నట్టు. అంతటితో ఆ ఇంట్లో ఆ మాట మూతపడింది.

ఆ తర్వాత భాగ్యమ్మ బతుకే మారిపోయింది. చావు దగ్గరికి పోయి తిరిగొచ్చిన మనిషి, చెయ్యి మంచిదని వీధిలో పేరు పుట్టింది. ఎవరి ఇంట కొత్త పడుగు సాచినా మొదటి కుంచె భాగ్యమ్మే పెట్టాలి. ఆమె కుంచె పెడితే దారం తెగదని నమ్మారు. తొట్టెలో బిడ్డను వేసేటప్పుడు కూడా ఆమెనే ముందు పిలిచేవాళ్ళు. పద్నాలుగేళ్ళు గోడ పక్కన నిలబడిన మనిషిని చెయ్యి పట్టి నడిమధ్యలోకి తెచ్చారు. "నాకు సిగ్గేస్తాదక్కా," అని చెప్పేది గాని, ఆ చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి.

నేను మాత్రం తక్కువ తిన్నానా? పండుగ మాట పాకాక గడ్డ చిన్నగా ఉండగానే మా దగ్గరికి రావడం మొదలైంది గాని, కత్తి అనగానే పారిపోయే ఆడవాళ్ళే ఎక్కువ. అలాంటి వాళ్ళు వచ్చినప్పుడల్లా ఎమ్మిగనూరుకు కబురు పెట్టేదాన్ని. భాగ్యమ్మ బస్సెక్కి వచ్చేది. తెర చాటున రవిక పక్కకు తీసి, మానిన కోత చూపించి, "నన్ను సూడమ్మా. నేను బతికి లేనా? కుంచె పట్టుకొని పడుగు దువ్వుతాండాను," అని చెప్పేది. నేను వంద తిట్లు తిట్టినా కదలని వాళ్ళు ఆమె ఒక్క మాటకు కదిలేవాళ్ళు. ఆమె మాట విని ఆరేడు మంది కత్తి కిందికి వచ్చారు. మా భాగ్యమ్మ, మా భాగ్యమ్మ అని అందరికీ చూపించుకున్నాను.

సెప్టెంబరులో వచ్చింది, డాక్టరమ్మ చూసి బాగుందంది. డిసెంబరులోనూ, మార్చిలోనూ అంతే. యాభై ఐదు ఉగాది దాటాక ఆమె చంకలో ఒక గడ్డ తగిలింది. మా ఎవరికీ తెలియదు.

ఆ జూన్‌లో వీరమ్మ వచ్చింది. ఆదోనిలోనే పత్తి మిల్లులో కూలి. మొగుడు లేడు. రొమ్ములో గడ్డ. "కోయించుకునేది నావల్ల గాదు," అని లేచి పోబోతుంటే కూర్చోబెట్టి, భాగ్యమ్మకు కబురు పెట్టాను. మర్నాడు భాగ్యమ్మ వచ్చింది. ఎండాకాలం ఇంకా పోలేదు, అయినా ఎడమ భుజం మీదుగా కొంగు నిండా కప్పుకుని ఉంది. చిక్కినట్టు అనిపించింది. డాక్టరమ్మ ఆ రోజు కర్నూలు పోయి ఉంది. "నీ సంగతి తర్వాత, ముందు ఈమెతో మాట్లాడు," అని తొందరపెట్టి తెర వెనక్కు తోశాను.

భాగ్యమ్మ కోత చూపించింది. కొంగు కొంచెమే జరిపింది, చంక కనబడకుండా. వీరమ్మ గట్టి మనిషి, అడగాల్సింది అడిగింది. "కోసినాక మళ్ళా రాదా?"

భాగ్యమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. అలసట అనుకున్నాను. లేక అనుకోవాలనుకున్నానో, దేవునికే తెలియాలి. "యాల వస్తుంది? ఈమెకు వచ్చిందా?" అని నేనే గట్టిగా అన్నాను. "సెప్పు భాగ్యమ్మా, నీకు వచ్చిందా?"

"రాలేదు," అంది భాగ్యమ్మ.

వీరమ్మ సంతకం బదులు వేలిముద్ర వేసింది. భాగ్యమ్మ ఇంకో క్షణం నిలబడి, "అక్కా," అంది. నేను అప్పటికే వీరమ్మను వార్డుకు నడిపించుకుపోతున్నాను. "డాక్టరమ్మ లేదు గదా, వచ్చే వారం రా, సూపించుకుందువు," అని వెనక్కు తిరక్కుండానే అరిచాను. వచ్చే వారం ఆమె రాలేదు. నేను కూడా కబురు పెట్టలేదు. ఆమె బాగుంది కదా! దండ వేసి పంపిన మనిషి కదా!

వీరమ్మకు కోత అయింది, మద్రాసు పోయి వచ్చింది. సెప్టెంబరు చివరికి ఇంటికి పంపే రోజు దగ్గరపడింది. నాకు మళ్ళీ పండుగ పిచ్చి పట్టింది. ఈసారి దండ నేను కాదు, భాగ్యమ్మ వేయాలి అనుకున్నాను. కబురు పెడితే ఏం బాగుంటుంది, నేనే పోయి పిలవాలని ముందురోజు ఎమ్మిగనూరులో మా చుట్టాలింట దిగి, తెల్లవారుజామున నేతగాళ్ళ వీధికి పోయాను.

వీధిలో పడుగు సాచి ఉంది. అటూ ఇటూ జనం కుంచెలు పట్టుకుని నిలబడ్డారు. మొదటి కుంచె పెట్టే మనిషి కోసం ఎదురు చూస్తున్నారు. భాగ్యమ్మ ఇంట్లో నుంచి వచ్చింది. కుడి చేత్తో కుంచె పెట్టింది. ఎడమ చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. నాలుగడుగులు దువ్వేసరికి దగ్గు వచ్చింది. దగ్గు ఆపుకోవడానికి వంగినప్పుడు కొంగు జారింది. ఆ చెయ్యి అరటిబోదెలా వాచి ఉంది. వేళ్ళు కూడా ముడవడం లేదు. నర్సే కానక్కర్లేదు, ఎవరు చూసినా తెలిసిపోయేది. వీధిలో జనం రోజూ చూస్తున్నవాళ్ళే. ఒక్కరూ నోరెత్తలేదు. మొక్కు తీరిన జబ్బు కదా.

నేను వీధి మధ్యలోనే ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఉగాది అయినాంక వచ్చిందక్కా," అంది. నన్ను చూసి సంతోషపడినట్టే ఉంది.

ఉగాది అయ్యాక. అంటే ఐదు నెలలు దాటింది. అంటే జూన్‌లో వీరమ్మ ముందు "రాలేదు" అన్నప్పుడు ఆమె చంకలో అది ఉంది. రుద్రమ్మ గడప మీద నిలబడి ఉంది. "పెద్దమ్మా, నీకు తెలియదా?" అని అరిచాను. "మొక్కు తీర్చినాం గదమ్మా... మళ్ళా ఆ మాట ఎట్ల అనేది? సామికి కోపం వస్తే పానమే తీస్తాడని..." అంటూ ముసలావిడ అక్కడే కూలబడింది. ఓబులేసు మగ్గం గుంటలో నుంచి లేచి వచ్చి ఏడుస్తూ నిలబడ్డాడు. అతను రోజూ అడిగేవాడట, నరం పట్టిందని చెప్పేదట.

ఆ పొద్దున్నే బస్సులో ఆదోనికి తీసుకొచ్చాం. ఈసారి రుద్రమ్మ చెంబు తేలేదు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. చంకలోదే కాదు, మెడ దగ్గర కూడా గడ్డలున్నాయి. ఊపిరితిత్తులకు పాకింది. బయటికి వచ్చి నాతో, "ఉగాదికే వచ్చి ఉంటే మళ్ళీ మద్రాసుకు పంపేదాన్ని. ఇంకొన్నేళ్ళు ఉండేదేమో. ఏమో అనే అంటాను, అంతకంటే చెప్పలేను," అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలిక పడేదాన్ని.

భాగ్యమ్మకు కిటికీ పక్క మంచం ఇచ్చాను. మూడో రోజు వీరమ్మ ఇంటికి పోవాలి. హార్మోనియం వద్దన్నాను, బొరుగులు వద్దన్నాను. భాగ్యమ్మ కంటపడకుండా వెనక వాకిలి నుంచి పంపేద్దామని వీరమ్మ గుడ్డలు మూట కట్టిస్తున్నాను. భాగ్యమ్మకు ఎలా తెలిసిందో, మంచం మీద నుంచే పిలిచింది.

"అక్కా, వీరమ్మను దొంగ మాదిరి యాల పంపుతాండావు? ఈడికి పిలువు."

వీరమ్మ వచ్చింది. ఆ వాచిన చెయ్యి చూసి మంచానికి అడుగు దూరంలో ఆగిపోయింది. తనకు "రాలేదు" అని చెప్పిన మనిషి ఈమే కదా. భాగ్యమ్మ దాచలేదు. "వీరమ్మా, ఆ దినం నీకు అబద్దం సెప్పినా. అప్పుటికే నాకు వచ్చిండాది. నిజం సెప్తే నువ్వు లేసి పోతావని సెప్పలేదు. నువ్వు కోయించుకునింది మంచిదే, దానికి బాధపడొద్దు. కానీ నా మాదిరి సేయొద్దు. ఇంత గడ్డ తగిలినా సరే, అంతలోనే వచ్చి సెప్పు. ఎవురేమనుకున్నా సెప్పు. నా మీద ఒట్టేయి."

వీరమ్మ ముందుకు వచ్చి ఆ వాచిన చేతి మీదే చెయ్యి వేసి ఒట్టేసింది. ఇద్దరూ ఏడవలేదు. నేను కట్లగదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

ఆ సాయంత్రం నేను ఆమె మంచం మీద కూర్చుని మొదటిసారి తిట్టాను. "నీకు బుద్ధి లేదా? మొక్కు అంటే నీ అత్తకు బయం, సరే. నాకు సెప్పేదానికేం? నేనెవురు నీకు? నా దగ్గర యాల దాచినావు?" అని ఏడుస్తూ తిట్టాను.

భాగ్యమ్మ ఊపిరి కూడదీసుకుని మెల్లగా చెప్పింది. "ఆ దినం దండ యేసి నువ్వు నవ్వినావు సూడక్కా. వార్డంతా తిట్టే మనిషివి, నా కోసరం అట్ల నవ్వినావు. నేను పుట్టినప్పటి నుంచి నన్ను సూసి ఎవురూ అంత సంతోషపడలే. మా అమ్మ గూడా పడలే, మూడో ఆడపిల్లనని. మళ్ళా వచ్చిందని సెప్తే నీ మొకం ఎట్లయితాదో అని సెప్పలేకపోయినా. జూన్‌లో సెప్పాలనే వచ్చినా. నువ్వు బిరీన పోతాంటివి."

ఆమె కాళ్ళ మీద తల పెట్టుకున్నాను. "ఊరుకో అక్కా, దండ బాగానే ఉండె," అని నా వీపు నిమిరింది, ఆ పనిచేసే చేత్తో. నా మీద కోపం ఏ మూలా లేదు. అదే నేను తట్టుకోలేకపోయాను.

నవంబరు నెలాఖరున ఒక మధ్యాహ్నం, ఓబులేసు పక్కన ఉండగా పోయింది. వయసు ముప్పై మూడు. వీధి వాళ్ళు బండి కట్టుకుని వచ్చి తీసుకుపోయారు. వాళ్ళలో ఎవరూ ఆమె చెయ్యి చెడ్డదనలేదు. అంటారేమో, అంటే పీకలు పిసుకుదామనే నేను బండి దాకా పోయాను. వాళ్ళు మామూలుగా ఏడ్చారు. నేను వట్టి చేతులతో వార్డుకు తిరిగొచ్చి మందులిచ్చే పని చేసుకున్నాను.

జనవరిలో వీరమ్మ మూడు నెలల చూపుకు రావాలి. చెప్పిన తేదీ ఇరవై. తొమ్మిదో తారీఖున పొద్దున్నే వచ్చేసింది. వరండాలో బెంచీల నిండా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కత్తికి భయపడుతున్న వాళ్ళు, ఏ జబ్బో ఇంకా తెలియని వాళ్ళు. అలాంటి వాళ్ళ ముందు ఈ జబ్బు మాటను గుసగుసగా మాట్లాడటం మాకు అలవాటు. వీరమ్మ పత్తి మిల్లు చప్పుడులో పనిచేసే మనిషి, ఆమె గొంతు మామూలుగానే పెద్దది.

"అక్కా, సంకలో గడ్డ తగుల్తాంది," అంది అందరూ వినేటట్టు. "నిన్న సందకాడ నీళ్ళు పోసుకుంటాంటే సేతికి తగిలింది. తెల్లారంగానే వచ్చినా. పనికి గూడా పోలే."

బెంచీ మీద ఆడవాళ్ళందరూ ఆమె వైపు తిరిగారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని వరసను దాటించి డాక్టరమ్మ గదిలోకి తీసుకుపోయాను. డాక్టరమ్మ తడిమి చూసి, చిన్నదే, ఈ వారమే మద్రాసుకు పంపుదామని చెప్పింది. వీరమ్మ రవిక గుండీలు పెట్టుకుంటూ నన్ను చూసి కంగారుపడింది.

"చిన్నదే అంటాండారు గదక్కా, మళ్ళా యాల ఏడుస్తావు?" అంది.

ఆమె ఆగింది ఒక్క రాత్రి. భాగ్యమ్మ ఐదు నెలలు ఆగింది, నా మొహంలో నవ్వు పోకూడదని. ఆ సంగతి వీరమ్మకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. రైలు ఎప్పుడో కనుక్కుని వస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.